కుడికి రెండు క్లిక్‌లు

ప్యోంగ్‌చాంగ్‌లో ఆ ఉదయం జీనా అనుకున్నది ఒక్కటే. పోటీలో మొదటి పదిమందిలో రావాలి. రాకపోతే కొరియా జట్టులో ఆమె చోటు పోతుంది. అంతకుముందు ఏడేళ్లు కజకిస్తాన్ తరఫున ఆడింది. అక్కడ చోట్లు నాలుగు, అమ్మాయిలు ఐదుగురు. ఐదో అమ్మాయి జీనా. కాగితాలు మార్చుకుని కొరియా జట్టులోకి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

బైయాథ్లాన్‌లో మంచు మీద స్కీలతో పరిగెత్తుతూ, మధ్యలో నాలుగుసార్లు ఆగి ఐదేసి గుళ్లు కాల్చాలి. తప్పిన ప్రతి గుండుకూ నూటయాభై మీటర్ల చుట్టు అదనం. కోచ్ వెనక నిలబడి దుర్భిణిలో చూస్తూ, రైఫిల్ గురిని ఎటు ఎన్ని క్లిక్‌లు తిప్పాలో అరిచి చెబుతాడు.

పొద్దున ఎండుచేప చారు తాగుతూ కోచ్ బే హ్యోన్‌గ్యు చెప్పాడు. "నీ రైఫిల్ సరిచూశాం. ఒక్క క్లిక్ కూడా ముట్టుకోకు. తిప్పాల్సొస్తే నేను చెప్తా."

"అలాగే సార్."

జీనా నాలుగో స్థానంలో బయలుదేరింది. మొదటిసారి కాల్చడానికి బోర్లా పడుకుంటే పక్క చాప మీద కజకిస్తాన్ అమ్మాయి ఐజాన్ ఉంది. ఐజాన్ కోచ్ వలేరి అంతోనొవిచ్ వెనక నుంచి రష్యన్‌లో అరిచాడు.

"ఎడమకి రెండు!"

ఏడేళ్లు విన్న గొంతు. జీనా వేళ్లు ఎడమకు రెండు తిప్పేశాయి. ఐజాన్ గుళ్లు తగిలాయి. జీనావి మూడు తప్పాయి.

ఆమె అదనపు చుట్లు ముగించి వస్తుంటే బే పక్కన పరిగెత్తాడు. "ఎందుకు తిప్పావమ్మా?"

"నేను తిప్పలేదు సార్, చెయ్యి తిప్పింది!"

"ఇక ఎవరి మాటా వినకు!"

జీనా ఇక ఎవరి మాటా వినలేదు. రెండోసారి బే "కుడికి రెండు తిప్పు!" అని గొంతు చించుకున్నా వినలేదు. రెండు తప్పాయి. మూడోసారి మరో రెండు. పన్నెండో స్థానానికి పడిపోయింది.

బే వచ్చీరాని రష్యన్‌తో వలేరి దగ్గరికి వెళ్లాడు. "అయ్యా, కాస్త మెల్లగా అరవండి. మా పిల్ల మీ మాటే వింటోంది."

"మెల్లగా ఎలా అరుస్తారు బాబూ? ఉత్తరం రాసి పంపనా?"

"పోనీ, కుడికి రెండు తిప్పమని మీరే చెప్పండి."

"నేనా? మమ్మల్ని వదిలేసి పోయినదానికా?"

"వదిలేసింది మీరు కదండీ."

వలేరి దుర్భిణి వైపు తిరిగాడు.

నాలుగోసారి కూడా ఐజాన్, జీనా పక్కపక్కనే నిలబడ్డారు. దుర్భిణిలో జీనా మోచెయ్యి పైకి లేచి కనిపించింది. ఏడేళ్లు తిట్టినా దిగని మోచెయ్యి. వలేరి ఆగలేకపోయాడు.

"మోచెయ్యి దించు! కుడికి రెండు!"

జీనా దించింది, తిప్పింది. ఐదూ తగిలాయి.

పక్కన ఐజాన్ కూడా దించింది, తిప్పింది. ఆమె రైఫిల్‌కు ఆ అవసరం లేదు. నాలుగు తప్పాయి.

జీనా పదో స్థానంలో వచ్చింది. ఐజాన్ పదకొండు.

మర్నాడు పొద్దున వలేరి చారు గిన్నె పట్టుకుని కొరియా వాళ్ల బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "ఊరి నుంచి ఫోనొచ్చింది. సోమవారం నుంచి పనిలోకి రానక్కర్లేదట."

బే కిమ్చీ పచ్చడి గిన్నె ఆయన వైపు జరిపాడు. వలేరి సగం చారు తాగి అడిగాడు. "కాగితాలు మారడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"పద్నాలుగు నెలలు," అంది జీనా, బల్ల మీది నుంచి మోచెయ్యి దించుతూ.