లెకోకో గారి వ్యాఖ్యల పెట్టె

లెకోకో గారిలో ఉన్నది ఒకటే లోపం. ఎదుటివాళ్లు ఊరుకుంటే తాను గెలిచాననుకుంటారు. ఆ లెక్కన భార్య గావోనే మీద ఆయన పెళ్లినాటి నుంచీ గెలుస్తూనే ఉన్నారు.

ఆయనకో బ్లాగుంది. తమ ఊరు సెరోవేలో పశువుల జబ్బుల నుంచి పడుచువాళ్ల నడవడి దాకా అందులో ఆయన తీర్పు చెప్పని విషయం లేదు. కిందటి నెల తల్లి అంత్యక్రియల నాటి వంట మీద పడ్డారు. అక్కడ చావింట మాంసం ఉడికించి దంచడం మగవాళ్ల పని. ఆ రోజు కుండ దగ్గర నిలబడింది తమ్ముడు తూసో. "ఉప్పుకు అదుపులేని చెయ్యి అమ్మ పరువు తీసింది" అని రాసి, ఆ చెయ్యి ఎవరిదో పేరుతో సహా చెప్పారు.

అంతే, తూసో అన్న గడప తొక్కడం మానేశాడు. వచ్చే ఆదివారమే తల్లి సమాధికి రాయి నిలపాలి. ఇద్దరు కొడుకులూ పట్టాల్సిన రాయి అది.

"ఏమండీ, ఆ రాత తీసేసి తమ్ముడింటికి వెళ్లి రండి," అంది గావోనే.

"నేనెందుకు వెళ్లాలి? చదివినవాళ్లలో ఒక్కరైనా కాదన్నారా?"

"అనడానికి చోటేదీ? అక్కడ నోరున్నది మీ ఒక్కరికేగా!"

ఆయనకు పౌరుషం వచ్చింది. "అయితే వ్యాఖ్యల పెట్టె పెడతాను. ఊరే చెప్పనీ!"

పెట్టడమే కాదు, పైన "ఇది మన ఖోట్లా" అని రాశారు. ఖోట్లా అంటే ఊరిపెద్ద ముందు ఊరంతా కూచుని మాట్లాడుకునే చోటు. అక్కడ ఎవరి నోరూ మూయించకూడదు.

"మంచి పని చేశారు," అంటూ గావోనే జొన్నపిండి జల్లించింది. జల్లెడ పక్కనే ఫోను. పిండి అయ్యేసరికి బ్లాగు చుట్టాలందరికీ చేరింది.

వ్యాఖ్యలు వచ్చాయి. నమస్కారాలు, వానలెలా ఉన్నాయి, ఆవులెలా ఉన్నాయి, మోకాళ్లెలా ఉన్నాయి.

"చూశావా, అందరూ నావైపే!"

"మీ మోకాళ్ల వైపు," అంది గావోనే.

తర్వాత మేనమామ మొడీసె రాశాడు: "అల్లుడూ, ఆ ఉప్పటి మాంసమే నువ్వు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నావు. నీ పక్కన కూచున్నది నేనే."

లెకోకో గారు చెరిపేశారు.

"మేనమామ మాటనా?" గావోనే జల్లెడ కింద పెట్టింది.

"నా బ్లాగు, నా ఇష్టం."

శనివారం పొద్దున్నే గేటు చప్పుడైంది. మొడీసె మామ, చంకలో మడతకుర్చీ. వెనక చాపలతో ఆడవాళ్లు, కుర్చీలతో మగవాళ్లు.

"రాసిన మాటను నిలవనివ్వలేదు. అందుకని మాటనే నడిపించుకొచ్చాం," అన్నాడు మామ కుర్చీ విప్పుతూ.

"ఇది ఇల్లు మామయ్యా!"

"ఖోట్లా అన్నది నువ్వేగా."

మళ్లీ నమస్కారాలు, వానలు, మోకాళ్లు. లెకోకో గారికి చెమటలు పట్టాయి. చివరికి పెద్దమ్మ చాప మీంచే అంది: "ఉప్పు సరిగ్గానే ఉందిరా. ఆ రోజు నువ్వు ఏడుస్తూ తిన్నావు. ఇంక ఏం తిన్నా ఉప్పగానే ఉంటుంది."

వాళ్లతో వచ్చిన తూసో గడప దాకా రాకుండా గేటు పక్కనే తన కుర్చీలో తల వంచుకుని కూచున్నాడు.

"చివరి మాట ఇంటాయనది," అంది గావోనే మెల్లగా. "చెప్పండి, ఎవరూ చెరపరు."

లెకోకో గారు టోపీ తీశారు.

"తమ్ముడూ, అమ్మ పోయిన కోపం నీ మీద రాశాను. తప్పు నాదేరా."