చిన్నమ్మ ప్రేమకు ముప్ఫై ఒక్క మార్కులు

దేశానికి శత్రువులకంటే చిన్నమ్మల వల్లే ప్రమాదం ఎక్కువన్న సత్యం 1999 జులైలో ఒక మంగళవారం పొద్దున బొమ్మనహళ్ళికి చేరింది. అప్పటికి షారోన్ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

ఆ సత్యాన్ని సంచిలో పెట్టుకొచ్చినవాడు బంధుత్వ పరిశీలనాధికారి వెంకటరమణప్ప. షారోన్‌కు ఒక రక్షణ కార్యాలయంలో టైపిస్టు ఉద్యోగం వచ్చేలా ఉంది. (ఆ కార్యాలయం ఎక్కడుందన్నది పరమ రహస్యం. బస్సు కండక్టర్లు మాత్రం దాని పేరే అరిచి జనాన్ని దింపుతారు.) పరీక్షలో ఆమెదే మొదటి ర్యాంకు. ఇక మిగిలింది ఒక్కటే, విదేశాల్లో ఆమెను ప్రేమించేవాళ్ళు ఎవరూ లేరని తేలడం. అది తేలితే తల్లి మరియమ్మ గార్మెంట్స్‌లో రోజుకు నాలుగు వందల కాలర్లు కుట్టడం మానుకోవచ్చు.

చిక్కల్లా, మరియమ్మ చెల్లెలు ఎస్తేరు కువైట్‌లో నర్సు.

నిబంధన చాలా సరళమైనది. జాబుకు ఒక మార్కు, ఫోనుకు రెండు, కానుకకు మూడు. మొత్తం పది దాటితే దేశం ప్రమాదంలో పడుతుంది. ఎస్తేరు నాలుగేళ్ళుగా ఒక్క జాబూ రాయలేదు కాబట్టి దేశం క్షేమంగానే ఉంది. "ఉన్నదున్నట్టు చెప్పుమా, చాలు" అని షారోన్ ముందురోజే తల్లిని బతిమాలింది.

అయితే గుమ్మంలో పక్కింటి ఓబులమ్మ నిలబడి ఉంది. చెల్లెలి ప్రేమ గురించి నాలుగేళ్ళుగా మరియమ్మ ఈ ఓబులమ్మకే కథలు కథలుగా చెబుతూ వచ్చింది.

"మీ చెల్లెలు ఫోన్ చేస్తాదేమ్మా?" అన్నాడు వెంకటరమణప్ప.

మరియమ్మ ఓబులమ్మ వైపు ఒకసారి చూసింది. "చేయకుండా ఉంటాదా సార్? ఈ యేడు పదకొండు ఆదివారాలు, ఆరాధన అయిపోతూనే ఎస్టీడీ బూతుకు చేసింది."

"అమ్మా!"

"నువ్వుండు పాపా. ఆ దుప్పటి గూడా అదే పంపింది సార్."

(ఆ దుప్పటిని నగర్తపేట బజారులో గంటసేపు బేరమాడి కొన్నారు. బస్సులో మోసుకొచ్చింది షారోనే.)

"మరి ఆ గడియారం?"

"అదీ కువైట్‌దే."

ఓబులమ్మ ఊరుకోలేకపోయింది. "మొన్న ఖర్జూరాలు గూడా వచ్చినాయంటివి కదక్కా, సార్‌కు చెప్పు!"

వెంకటరమణప్ప కూడి చూశాడు. ముప్ఫై ఒకటి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నా సర్వీసులో ఇంత ప్రేమ చూడలేదమ్మా. పోయినేడు ఒకాయనకు కట్టుకున్న భార్యే సింగపూర్‌లో ఉండాది. అయినా నాలుగే వచ్చినాయి."

"అదంతా నిజం కాదు సార్" అంది షారోన్. "చిన్నమ్మ నాలుగేళ్ళుగా జాబే రాయలేదు."

"చూడు పాపా, ప్రేమ ఉందంటే నోటిమాట చాలు. లేదంటే మాత్రం రుజువు కావాల. రూల్ అట్లుండాది."

షారోన్ చేట పక్కన పెట్టి లేచింది. ట్రంకుపెట్టెలో, మరియమ్మ చర్చికి కట్టుకునే చీర అడుగునుంచి ఏడు కవర్లు తీసుకొచ్చింది. ఏడింటి మీదా మరియమ్మ చేతిరాతే. ఏడూ విప్పకుండానే కువైట్‌నుంచి తిరిగొచ్చాయి. అవి అక్కడున్నట్టు కూతురికి తెలుసని మరియమ్మకు అప్పుడే తెలిసింది.

వెంకటరమణప్ప ముఖం వెలిగిపోయింది. "బంగారంలాంటి కాగితాలప్పా! ఇవి ముందే చూపించకూడదా?" అంటూ ఒక్కో కవరు మీదా ముద్ర గుద్దాడు. తర్వాత ఆప్యాయతాలోప ధ్రువపత్రం తీసి, నిబంధన ప్రకారం వీధికి వినబడేలా చదివాడు: "పై సోదరికి నా మీద గానీ నా సంతానం మీద గానీ ఎలాంటి ప్రేమా లేదనీ, ఇకముందు కలిగే సూచనలు కూడా లేవనీ మనస్ఫూర్తిగా తెలియజేస్తున్నాను." (అర్థం కానివాళ్ళ సౌకర్యార్థం కన్నడంలో కూడా ఒకసారి చదివాడు.)

మరియమ్మ సంతకం చేసింది. సాక్షి సంతకం ఓబులమ్మ చేసింది.

"ఇంక భయం లేదు పాపా, నీకు ఎవరూ లేరని తేలిపోయింది" అన్నాడు వెంకటరమణప్ప. "సోమవారం చేరిపో."

మరియమ్మ లేచి చెప్పులు వేసుకుంది. ఓబులమ్మ పక్కకు తప్పుకుంటే ఆ సందులోంచి బయటికి వెళ్ళిపోయింది. కుటుంబ సభ్యులు ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అన్న గడిలో వెంకటరమణప్ప 'లేదు' అని రాసుకున్నాడు.