సమ్మమ్మ గోడకు టికెట్టు

వరంగల్‌కు వచ్చే పర్యాటకుడు ఒక్క పూటలో అన్నీ చూసేసి వెళ్లిపోతున్నాడనీ, అతన్ని రెండో పూట కూడా ఆపే బాధ్యత తానే తీసుకుంటున్నాననీ జిల్లా వైభవ కమిటీ ఛైర్మన్ వీరభద్రం గారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు.

"వేయిస్తంభాల గుడి, కోట తోరణాలు, రామప్ప... అన్నీ కాకతీయులే కట్టిరి. మరి మా కమిటీ ఏం చేసినట్టు?" అని ఆయన విలేకరులనే నిలదీశారు.

మర్నాడే ఛైర్మన్ గారు ఖిలా వరంగల్‌లో మా గల్లీకి విచ్చేశారు. కొత్త స్థలాల అన్వేషణ అని పేపర్లో వచ్చింది. తోరణాల వైపు తిరగాల్సిన కారు మా వైపు తిరిగిందన్న సంగతి రాలేదు.

నా కిరాణా కొట్టుకు ఎదురిల్లు సమ్మమ్మది. వానకు ముందుగోడ సగం కూలింది. మిగిలిన సగంలో రాళ్లూ మట్టీ తేలి కనిపిస్తున్నాయి. ఛైర్మన్ గారు కారు దిగి, చలవ కళ్లద్దాలు తీసి, చాలాసేపు దాన్ని చూశారు.

"శశాంక్, ఇది ఏ కాలంది?"

పర్యాటక అధికారి శశాంక్‌కు ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. "డేట్ చెయ్యాలి సార్," అన్నాడు జాగ్రత్తగా.

సమ్మమ్మ చేతిలో గడ్డపారతో బయటికొచ్చింది. "మొన్నటి వానకు కూలింది సారూ. బిడ్డ సుకన్య కానుపుకచ్చింది. నెలలు నిండినయి. జర తొందరగ గోడ లేపుకోవాలె."

"ముందు ఆ గడ్డపార గుంజుకోండి!" అని ఛైర్మన్ గారు కేక పెట్టారు. పురాతన సంపద కోసం ఒక నాయకుడి గొంతు అలా వణకడం నేను మొదటిసారి విన్నాను.

వారంలో ఇంటి చుట్టూ ఇనుప కంచె, దానికో గేటు వచ్చాయి. నీలం బోర్డు వచ్చింది: 'ప్రాచీన గృహకుడ్యం. ముట్టుకోరాదు.' సమ్మమ్మ ఆటో ఎక్కి హనుమకొండ ఆఫీసుకు పోయింది. తోడుగా నేనూ పోయాను.

"అమ్మా, అక్కడ గోడ కట్టనివ్వరు. పక్కనే మాన్యుమెంట్ ఉంది," అన్నాడు శశాంక్ కంప్యూటర్‌లోకి చూస్తూ.

"ఏడున్నది బిడ్డా?"

"మీ గోడే."

సమ్మమ్మ ఇంటికొచ్చి గోడ కూలిన చోట టార్పాలిన్ కట్టింది. ఫొటోల్లో వ్యూ చెడుతోందని సాయంత్రానికల్లా దాన్ని విప్పించారు. ఛైర్మన్ గారు ఎప్పుడూ సౌందర్యం విషయంలో రాజీపడరు.

జనం రాసాగారు. నా కొట్లో నీళ్ల సీసాలు బాగా అమ్ముడవుతుండడంతో నాకు కూడా చరిత్ర మీద గౌరవం పెరిగింది. ఓ రోజు గైడు కాలేజీ పిల్లలను వెంటబెట్టుకొచ్చి, లోపల నులక మంచం మీద పడుకున్న సుకన్యను కర్రతో చూపించాడు. "ఆ కాలం స్త్రీలు ఇలా విశ్రమించేవారు."

సుకన్య దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. "అన్నా, ఆ కాలంల ఇండ్లకు గోడలు లేకుండెనా?"

"ఉండొచ్చు చెల్లె. ఎవిడెన్స్ దొరకలే," అన్నాడు గైడు. పిల్లలు రాసుకున్నారు. దుప్పటి కింద ఆమె ఏడుస్తున్నదని నాకు కొట్లోంచే తెలిసింది. గైడు మాత్రం ప్రశాంతత గురించి చెబుతున్నాడు.

నొప్పులు మొదలవగానే సమ్మమ్మ ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. ఆడపిల్ల పుట్టింది. వాళ్లు అక్కడుండగానే ఇక్కడ ఛైర్మన్ గారు గేటుకు రిబ్బన్ కత్తిరించారు, టికెట్టు పెట్టారు. గేటు దగ్గర రాయమల్లు అనే కొత్త గార్డును నిలబెట్టారు.

ఆటో దిగి సమ్మమ్మ పసిగుడ్డుతో గేటు దగ్గరికొచ్చింది. వెనకాలే సుకన్య, నడుము పట్టుకుని.

"టికెట్ చూపెట్టు అవ్వా."

"ఇది నా ఇల్లే బిడ్డా."

"అందరు గట్లనే అంటరు అవ్వా. మన వరంగల్ మనదే అంటరు. నా నౌకరి పోతది," అన్నాడు రాయమల్లు. మనిషి మంచివాడే. గుడ్డలో కదిలిన బిడ్డను చూసి మెత్తబడ్డాడు. "పొల్లకైతే ఫ్రీ. ఐదేండ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు."

సమ్మమ్మ పాపను అతని చేతుల్లో పెట్టింది.

"అయితే దీన్ని జర లోపట పండవెట్టు బిడ్డా. మేం బయటనే ఉంటం."