పులి రాలేదని ముద్ర

ఒక పెద్ద అడవిలో పులి బయల్దేరితే చెట్టెక్కి కేక వేసే పని కొండముచ్చులది. కేక వినపడగానే దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు దొరికిన దారిన పరుగెత్తేవి. ఎన్ని తరాలుగానో ఇలాగే జరుగుతోంది.

కొన్నాళ్ళకి లాంగూలరావు అనే తెలివైన కొండముచ్చు ఈ కేకలన్నిటినీ కలిపి ఒక కంపెనీ పెట్టాడు. కేక ఉచితమే. కాకపోతే ముందు చిన్న ప్రకటన వస్తుంది.

"మేలైన పట్టుతేనె కావాలా? ఎలుగుబంటి అంగడికే రండి! ఆలసించిన ఆశాభంగం! పులి! పులి!"

ప్రకటన పూర్తయ్యేలోపు రెండు ముసలి కుందేళ్ళు పోయాయి. ఇదేమిటని అడిగితే లాంగూలరావు నవ్వి, "మేం కేకలు వేసేవాళ్ళం కాదండీ, కేకలకి కొమ్మ ఇచ్చేవాళ్ళం మాత్రమే" అన్నాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు గానీ, అర్థం కాలేదంటే బాగుండదని అందరూ తలూపారు.

ఏదైతేనేం, కేకంటూ ఒకటి ఉండేది. మహారాజు శార్దూలవర్మకి అదే గిట్టలేదు. పులిగారాయన. ఎప్పుడు వేటకి బయల్దేరినా ఆయన వెళ్ళేసరికి అడవి ఖాళీ. పక్కటెముకలు లెక్కపెట్టచ్చు అన్నట్టు తయారయ్యాడు. ఆయన తిని వదిలేసినదాని మీద బతికే మంత్రి దుమ్ములగొండి అయితే వారం రోజులుగా పస్తు.

"ప్రభూ, కేకలు ఆపమంటే హక్కులని గోల చేస్తారు. మనం ఆపొద్దు. నిజమో అబద్ధమో తేల్చాకే వెయ్యమందాం" అన్నాడు మంత్రి.

అలా పుట్టింది కేకల నిర్ధారణ చట్టం. ఇకమీదట ప్రతి కేకనీ ముందుగా టేకాకు మీద రాసి ఆఫీసులో ఇవ్వాలి. కేక ఎవరి గురించో వాళ్ళని అధికారి వివరణ అడగాలి. వాళ్ళు ఔనంటే అనుమతి, కాదంటే 'వదంతి' అని ముద్ర. అనుమతి లేకుండా నోరు తెరిస్తే కంపెనీ చెట్లన్నీ జప్తు.

లాంగూలరావు రెండు రోజులు కొమ్మకి తలకిందులుగా వేలాడి "స్వేచ్ఛ! స్వేచ్ఛ!" అని అరిచాడు. మూడో రోజు మంత్రి ఇప్పతోపు మొత్తం కంపెనీకి రాసిచ్చాడు. నాలుగో రోజు అదే కొమ్మ మీద తిన్నగా కూర్చుని, "బాధ్యత లేని స్వేచ్ఛ ఎంతో ప్రమాదకరం" అన్నాడు లాంగూలరావు.

అధికారిగా గవరయ్య అనే దుప్పిని వేశారు. మనవాడే కుర్చీలో ఉన్నాడని మిగతా దుప్పులు సంబరపడ్డాయి. గవరయ్యది మెత్తని మనసు. నిబంధన అంటే మాత్రం పులికన్నా ఎక్కువ భయం.

మొదటి ఆకు వచ్చింది. 'పులి గుహలోంచి బయల్దేరింది' అని ఉంది. గవరయ్య దాన్ని వివరణ కోసం మంత్రి చేతికిచ్చాడు. మంత్రి రెండు గంటల తర్వాత మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. ఆకు కింద మహారాజు స్వహస్తాలతో రాశాడు: 'నేను గుహ వదిలి ఎక్కడికీ రాలేదు.' పక్కన నెత్తుటి మరక. గవరయ్య మరకని చూశాడు. మరకని ఎక్కడ నమోదు చెయ్యాలో చట్టంలో లేదు. గిట్టని బురదలో ముంచి 'వదంతి' అని ముద్ర వేశాడు.

ఇలా అరవై ఆకులు అయ్యాయి. అరవై ఒకటో ఆకుకి పోయినవాడు గవరయ్య సొంత బామ్మర్ది.

ఇంటికెళితే భార్య సూరమ్మ ఏడవట్లేదు. అది చూసి ఇంకా భయమేసింది.

"ఏవండీ, మా తమ్ముణ్ణి ఏది తింది?"

"అది... ఇంకా తేలాల్సి ఉంది."

"పులి రాలేదని ముద్ర వేసింది మీరేగా? మరి మావాణ్ణి వదంతి తినేసిందా?"

గవరయ్యకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ ముందు ఏడవడానికి కూడా తనకి అర్హత లేదనిపించింది.

"రేపు పొద్దున నేనూ పిల్లా వాగుకి వెళ్తాం. నీళ్ళు తాగక తప్పదుగా. కేక వినపడితే పరుగెడతాం. వినపడకపోతే మిమ్మల్ని తలుచుకుంటాం" అని అటు తిరిగి పడుకుంది సూరమ్మ.

తెల్లారి ఆఫీసులో రెండు ఆకులున్నాయి. ఒకటి నిన్నటిది: 'గుహ నుంచి వాగుకి పోయే అడ్డదారిలో వేటగాళ్ళు గుంత తవ్వి కొమ్మలు కప్పారు.' వేటగాళ్ళ వివరణ ఇంకా రాలేదు. రెండోది అప్పుడే వచ్చింది: 'పులి అడ్డదారిన వాగు వైపు వెళ్తోంది.'

గవరయ్య జన్మలో మొదటిసారి ఆకు వదిలేసి కంపెనీ చెట్టు కిందికి పరుగెత్తాడు.

"లాంగూలరావుగారూ! కేక వేయించండి! మా ఆవిడా పిల్లా అక్కడున్నారు!"

"ముద్ర ఏదండీ?"

"తర్వాత వేస్తాను, మీకు దణ్ణం పెడతాను!"

"అయ్యయ్యో, చట్టమంటే మా కంపెనీకి చాలా గౌరవమండీ" అన్నాడు లాంగూలరావు ఇప్పపూలు నములుతూ.

గవరయ్య తనే వాగు వైపు దౌడు తీశాడు. సగం దూరం వెళ్ళాడో లేదో, ఢామ్మని పెద్ద చప్పుడు, ఆ వెనకే గర్జన. వెళ్ళి చూస్తే మహారాజు గుంతలో ఉన్నాడు. అవతలి ఒడ్డున సూరమ్మా పిల్లా నోళ్ళ నుంచి నీళ్ళు కారుతూ నిలబడి చూస్తున్నారు. గవరయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

అంతలో మంత్రి రొప్పుతూ వచ్చాడు. "ఏమయ్యా గవరయ్యా, చూస్తావేం? పైకి లాగాలంటే ఏనుగులు కావాలి. అవేమో కొండవతల ఉన్నాయి. వెంటనే కేక వేయించు!"

గవరయ్య అలవాటు కొద్దీ 'చిత్తం' అనబోయాడు. ఒడ్డు మీంచి సూరమ్మ చూస్తోంది.

"దరఖాస్తు పెట్టండి" అన్నాడు.

మంత్రి పళ్ళు కొరుకుతూ రాశాడు: 'మహారాజు గుంతలో పడ్డారు.' గవరయ్య రెండుసార్లు చదివాడు.

"మహారాజుగారు గుహ వదిలి రాలేదని అరవై ఒక్కసార్లు స్వయంగా రాసిచ్చారండీ. మరి ఈ గుంతలో ఉన్నదెవరు?"

"నేనేరా!" అని గుంత దద్దరిల్లింది.

"మిమ్మల్ని కాదండీ, గుహలో ఉన్న మహారాజుగారిని అడగాలి" అన్నాడు గవరయ్య వినయంగా.

అది కక్షో, భయమో, నిజంగానే నిబంధన మీద భక్తో గవరయ్యకే తెలియదు. లోపల మాత్రం ఎంతో హాయిగా ఉంది. ఆకు పట్టుకుని గుహ దాకా వెళ్ళి, ముమ్మారు మర్యాదగా పిలిచాడు. బదులు రాలేదు. బదులు వచ్చేదాకా ఆగాలని చట్టంలోనే ఉంది కాబట్టి ఆగాడు. సాయంత్రానికి వేటగాళ్ళు వచ్చి, శార్దూలవర్మని వలలో చుట్టి బండెక్కించుకుపోయారు. దాని మీద కూడా ఆకు వచ్చింది. గవరయ్య 'వదంతి' అని ముద్ర వేశాడు.

రికార్డు ప్రకారం మహారాజు ఇప్పటికీ గుహలోనే ఉన్నాడు. పక్క అడవి పులి ఒకటి గద్దె ఖాళీగా ఉందేమోనని వాకబు చేస్తే ఆకులన్నీ చూపించారు. ఆయన ఉండగా రావడం మర్యాద కాదని వెనక్కి వెళ్ళిపోయింది. మంత్రి ఇప్పపూలు తినడం అలవాటు చేసుకుంటున్నాడు. సూరమ్మ పిల్లని తీసుకుని మిట్టమధ్యాహ్నం కూడా వాగుకి వెళ్ళొస్తోంది. గవరయ్య రోజూ పొద్దున్నే గుహ ముందు నిలబడి, "ప్రభూ, తమరు బయటికి వచ్చారా?" అని అడిగి, కాసేపు ఆగి, రాలేదని రాసుకుని వస్తాడు. చట్టం రద్దు చెయ్యమని అడవిలో ఒక్కరూ అడగలేదు.

నీతి: నిజాన్ని తొక్కిపెట్టే ఆఫీసుని తొందరపడి మూయించకూడదు, ఏదో ఒకరోజు అది రాజుగారి మీద కూడా పని చేస్తుంది.