తీగ మీద పొత్తిగుడ్డలు

ఆ ఆదివారానికి కదిరమ్మ వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పొద్దున్నే పొత్తిగుడ్డలు ఉతికి ఆరేయాలి. ఎండగానే మడతపెట్టి సంచిలో వేసుకుని దేవనహళ్ళిలో బస్సెక్కాలి. బొమ్మసంద్రలో ఉన్న కూతురి గదికి పోయి, మనవడిని కాసేపు ఒళ్ళో వేసుకుని, వెలుతురుండగానే తిరిగి రావాలి. ఇందులో ప్రమాదానికి చోటెక్కడుందని ఎవరికైనా అనిపించవచ్చు. కదిరమ్మకు అనిపించలేదు. బస్సు బోల్తా పడొచ్చు. తను లేనప్పుడు ఇంట్లో దొంగలు పడొచ్చు. దొంగలు పడకపోతే గ్యాసు లీకవొచ్చు. అవేవీ జరక్కపోతే నెత్తిన విమానం కూలొచ్చు. ఎయిర్‌పోర్టు దగ్గర కావడంతో ఆ చుట్టుపక్కల విమానాలు మరీ కిందుగా పోతాయి. వచ్చిన కొత్తలో ప్రతి విమానానికీ ఆమె తల వంచుకునేది.

కదిరి దగ్గరి పల్లెలో వేరుశనగ చేలకు కూలికి పోయి బతికిన మనిషి ఆమె. వానలు మొహం చాటేసి, పని దొరికే రోజులకంటే దొరకని రోజులు ఎక్కువై, రేకుల ఇల్లు కూడా ఒకవైపు ఒరిగిపోయాక బెంగళూరు దారి పట్టింది. ఇక్కడ దొరికిన పని సంగతి చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. నాలుగు పడగ్గదుల విల్లాలో ఊరికే ఉండాలి. అదే పని.

యజమానురాలు అర్చన ఆ ఇల్లు కొన్నది ఉండడానికి కాదు, ధర పెరిగాక అమ్మడానికి. తను సిటీలో ఆఫీసు పక్కనే ఫ్లాటులో ఉంటుంది. ఇల్లు ఖాళీ అని తెలిస్తే దొంగలొస్తారు కనుక లోపల సంసారం ఉన్నట్టు కనబడాలి. రోజూ ముగ్గు పడాలి, కిటికీలు తెరవాలి, టీవీ మోగాలి, తీగ మీద బట్టలు ఆరుతుండాలి. ఇంట్లో ఎవరూ లేరని గేటు దగ్గర కూడా చెప్పకూడదు. బయటివాళ్ళెవరినీ లోపల పెట్టుకోకూడదు. కదిరమ్మ పడక వంటింటి వెనక చిన్న గదిలో.

ఎండలో కలుపు తీసినా రాని కూలి నీడలో కూర్చుంటే వస్తోందంటే, ఇందులో ఏదో మోసం ఉండే ఉంటుందని ఆమెకు మొదటి నుంచీ అనుమానం. మోసమైతే కనబడలేదు గానీ, మాట్లాడే మనిషి కూడా కనబడలేదు. సోఫాల దుమ్ము దులుపుతూ సోఫాలతోనే మాట్లాడేది. ఎదురింట్లో మాత్రం పెద్ద కుటుంబం ఉంది. వాళ్ళ తీగ నిండా పంచెలు, చీరలు, స్కూలు యూనిఫాంలు. పొద్దస్తమానం ఆ ఇంట్లోంచి నవ్వులు, ఏడుపులు, అత్తాకోడళ్ళ రుసరుసలు. కదిరమ్మ కంచం పట్టుకుని కిటికీ పక్కన కూర్చుని, ఆ గోల వింటూ అన్నం తినేది. ఆ అత్తగారి దగ్గు వింటే ఎక్కువ రోజులు బతికేలా లేదని దిగులు కూడా పడేది.

అసలు దిగులు వేరే ఉంది. కూతురు మునిలక్ష్మికి తొలి కానుపు. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి. పుట్టిల్లంటూ ఉంటే కదా! పెద్దాసుపత్రిలో మగబిడ్డను కని, పచ్చి బాలింత తిన్నగా బొమ్మసంద్రలోని ఒంటి గదికే పోయింది. ఆ గదిలో అల్లుడు దేవరాజ్‌తో పాటు అతని అన్న, అన్న బామ్మర్ది కూడా ఉంటారు. రాత్రి షిఫ్టు వాళ్ళు పగలు పడుకుంటారు, పగటి షిఫ్టు వాళ్ళు రాత్రి పడుకుంటారు. బిడ్డ ఏడవడానికి ఖాళీ వేళ అంటూ లేదు. వాడు నోరు తెరిస్తే చాలు, మునిలక్ష్మి వాణ్ణి ఎత్తుకుని బయట మెట్ల మీద కూర్చునేది. ఇక్కడ ఎవరూ పడుకోని నాలుగు పడగ్గదులు తుడుస్తున్నంతసేపూ కదిరమ్మకు ఆ మెట్లే కళ్ళ ముందు ఆడేవి.

సరే, పాత చీర చింపి కుట్టిన పొత్తిగుడ్డలు ఉతికి, బాగా ఎండ తగులుతుందని వీధివైపు తీగ మీద ఆరేసింది. అంతలో గేటు కాపలా పెద్దమునియప్ప అటు వచ్చాడు. లేఅవుట్ లేవక ముందు అదంతా ఆయన అన్నదమ్ముల రాగిచేను. ఇప్పుడు అందులోనే మెడలో ఈల వేసుకుని పగటి డ్యూటీ చేస్తున్నాడు.

"ఏం కదిరమ్మా, ఇంట్లో బాలింత ఉండాదా?"

కదిరమ్మ తీగ మీది గుడ్డల వైపు చూసింది. ఎవరూ లేరంటే ఇల్లు ఖాళీ అని తెలిసిపోతుంది. నా మనవడివి అంటే బయటివాళ్ళను పెట్టుకుందని పేరొస్తుంది. ఏమనాలో తేల్చుకునేలోగా నోరు తన పని తాను చేసేసింది.

"ఉండాదప్పా. అర్చనమ్మ చెల్లెలు."

అర్చనమ్మకు చెల్లెలుందని హాల్లో ఫొటో చూసి తెలుసు. అంతకుమించి తెలియదు.

"యెప్పుడొచ్చె? నా డ్యూటీలో రాలేదే!"

"రాత్రి కార్లో వచ్చిండారు."

"యే బిడ్డ?"

"మగబిడ్డప్పా!" ఆ ఒక్కటీ నిజం కావడంతో గొంతు గట్టిగా పలికింది.

"చల్లగా ఉండనీ. ఈడ బిడ్డ సద్దు విని యెన్నాళ్ళాయనో! మన వెంకటరాయప్పకు చెప్తా, సంతోషపడ్తాడు," అంటూ మునియప్ప సాగిపోయాడు.

వెంకటరాయప్ప ఆ లేఅవుట్ అసోసియేషన్‌కు సెక్రెటరీ. ఇళ్ళ బ్రోకరు కూడా ఆయనే. ఆయన సంతోషం ఒక్కడే పడే రకం కాదు. మునియప్ప చెప్పిన మాట చెప్పినట్టే యజమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. అర్చన గారి చెల్లెలికి మగబిడ్డ, అందరి తరఫున శుభాకాంక్షలు. కింద పూలగుత్తులు.

గంట గడిచినా కదిరమ్మ ఇంకా ఆ అబద్ధం నుంచే తేరుకోలేదు, తలుపు తట్టిన చప్పుడు. మందు డబ్బా భుజాన వేసుకుని ఆరోగ్య కార్యకర్త సత్యభామ నిలబడి ఉంది. ఆ రోజు పోలియో ఆదివారం. లేఅవుట్ గేటు దగ్గర బల్ల వేసుకుని పొద్దున్నుంచి కూర్చుంటే ఒక్క బిడ్డ రాలేదట. ఒకడున్నాడని మునియప్ప చెప్పగానే పరుగున వచ్చింది.

"బిడ్డను పట్టుకురామ్మా, రెండు చుక్కలు వేసి పోతా."

"పండుకోనుండాడమ్మా."

"లేపితే లేస్తాడు."

"వాళ్ళమ్మ నీళ్ళు పోసుకుంటాంది."

"బిడ్డను నేను ఎత్తుకుంటా. తల్లితో నాకేం పని?"

"నిద్రలో లేపితే దడుసుకుంటాడు తల్లీ, మల్లా రారాదా?"

"ఈ లేఅవుట్ మొత్తానికి నాకు దొరికింది ఒక్క బిడ్డ. వాడి వేలికి మచ్చ పెట్టకుండా పోతానా?" అని సత్యభామ ఆ మెట్ల మీదే చతికిలబడింది.

కదిరమ్మ తలుపు వేసి, కూతురికి ఫోన్ చేసింది.

"మెల్లగా మాట్లాడుమా, పండుకోనుండారు," అంది మునిలక్ష్మి గుసగుసగా.

"బిడ్డను తీసుకొని ఇప్పుడు ఈడికి రాగలవా?"

"మీ మేడమ్ ఒప్పుకునిందామా?" ఆ గుసగుసలో కొంచెం వెలుగు వచ్చింది.

"లేదులే తల్లీ. ఊరికే అడిగినా," అని కదిరమ్మ పెట్టేసింది. ఒప్పుకున్నా మాత్రం బొమ్మసంద్ర నుంచి ఇక్కడికి బెంగళూరంతా దాటి రావాలి. అంతసేపు సత్యభామ ఆగదు.

ఇక మిగిలింది ఎదురిల్లు. అంత పెద్ద కుటుంబంలో చంటివాడో, చంటివాడిలా చూపించగలిగినవాడో ఒకడు ఉండకపోడు. కదిరమ్మ ఫోన్ వంటింట్లోనే వదిలేసి, పెరటి తలుపు తీసుకుని, చుట్టూ తిరిగి పోయి ఆ ఇంటి వెనక తలుపు తట్టింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. తన ఈడుదే ఒక ఆడమనిషి.

"ఎవలు?"

"ఎదురింటిదాన్ని. మీ ఇంట్లో చిన్నబిడ్డ ఉంటే ఒక్క గడియ ఇస్తావా తల్లీ? పోలియో మందు వేయించి భద్రంగా తెచ్చిస్తా."

"పిల్లలు బడికి పోయిన్రు."

"ఆదివారమా?"

ఆమె తెల్లమొహం వేసింది. లోపల అత్తగారు దగ్గింది.

"మీ అత్తకు ఇంకా తగ్గలేదా?" అని కదిరమ్మ తలుపు సందులోంచి తొంగి చూసింది. పెద్ద హాలు. హాల్లో గోడంత టీవీ. టీవీలో అత్తగారు. అంతే.

"అత్త గాదక్కా, సీరియలు," అంది ఆ మనిషి నేల చూపులు చూస్తూ. ఆమె పేరు మల్లమ్మ, నారాయణపేట దిక్కు నుంచి వచ్చింది. "నేనొక్కదాన్నే ఉంట. బట్టలు మా సారు దెచ్చిచ్చిండు. దినాం తడిపి ఆరేస్త. ఇడ్సిన బట్టలు గావు అవి, ఎవ్వలు తొడగనే లేదు." కాస్త ఆగి, "నువ్వు అదృష్టమంతురాలివక్కా. మీ ఇంట్ల మంది బాగున్నరు. మీ ఇంట్ల మాటలు ఇనుకుంటనే నేను బువ్వ తింట," అంది.

కదిరమ్మ ఆ మాటకు జవాబు చెప్పే లోపే వీధిలో కారు కీచుమని ఆగింది.

అర్చన దిగింది. చెల్లెలు సహనకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు, దారిలో కదిరమ్మకు చేస్తే ఆమె కూడా ఎత్తలేదు. గ్రూపులో మాత్రం పూలగుత్తులు పెరిగిపోతున్నాయి. మెట్ల మీది సత్యభామను దాటుకుని, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తెరిచి, "సహనా! సహనా!" అని కేకలు వేస్తూ గదులన్నీ తెరిచి చూసింది. కదిరమ్మ పెరటి దారిన వచ్చేసరికి మంచం కింద చూస్తోంది.

"ఎక్కడ దాచావ్ దాన్ని? బేబీ ఎక్కడ? ఎన్నాళ్ళుగా జరుగుతోంది ఇది? మా చెల్లెలికి ఇంకా పెళ్ళి కాలేదు, తెలుసా నీకు?"

కదిరమ్మ తన జన్మలో ఎన్నో ఘోరాలు ముందుగానే ఊహించి పెట్టుకుంది. వాటిలో ఇది లేదు.

అప్పుడే అర్చన ఫోన్ మోగింది. సహన గొంతు హాలంతా వినబడింది. "అక్కా, ఇప్పుడే లేచి నీ మెసేజీలు చూశాను. నాకు బాబు పుట్టాడట కదా? తండ్రెవరో కూడా మీ గ్రూపులో రాశారా, నేనే కనుక్కోవాలా?"

కదిరమ్మ గోడకు చేరబడి, మునియప్ప నుంచి మునిలక్ష్మి దాకా మెట్లతో సహా అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అర్చనకు ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత కోపం వచ్చింది.

"బట్టలు ఎంతమందివైనా ఆరెయ్యి అన్నాను. మనుషుల్ని పుట్టించమన్నానా? చాలు, సాయంత్రానికి నీ సామాను సర్దుకో."

సర్దడానికి సామానేముంది? ఉన్న బెంగల్లా ఎక్కడికి పోవాలన్నదే. ఊళ్ళో ఒరిగిన ఇల్లు. బొమ్మసంద్రలో తను కూడా చేరితే మెట్ల మీద కూర్చునేవాళ్ళు ఇంకొకరు పెరుగుతారు. కదిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేడమ్, శుభాకాంక్షలు!" అంటూ వెంకటరాయప్ప మిఠాయి పెట్టెతో వచ్చాడు. వెనక ఒక భార్యాభర్తల జంట. "పోయిన నెల మీ ఇల్లు చూసి, వీధిలో మనుషుల అలికిడే లేదని వద్దన్నది వీళ్ళే. బిడ్డ సంగతి తెలియగానే నేనే పట్టుకొచ్చినా. చూడండమ్మా, సంసారాలున్న వీధి కాదన్నారే!"

కొనవచ్చిన ఇల్లాలు తీగ వైపు మురిపెంగా చూసింది. "ఎంత ముద్దుగా ఉన్నాయో ఆ గుడ్డలు! బాబు ఏడీ?"

"నేనూ పొద్దున్నుంచి అదే అడుగుతున్నా," అంది సత్యభామ మెట్ల మీంచి.

అర్చన గుడ్డలను చూసింది. కొనేవాళ్ళను చూసింది. కొన్నాళ్ళుగా ఆ ఇంటికి కడుతున్న అప్పు వాయిదాలు ఆమె మొహంలో ఒక్కసారి కదిలాయి. తర్వాత చక్కగా నవ్వింది.

"మా చెల్లెలి బాబు కాదండీ, వాచ్‌మన్ పొరబడ్డాడు. మా కదిరమ్మ మనవడు. మాకు ఇంట్లో మనిషిలాంటిదే. బాబును వాళ్ళ నాన్నకు చూపించడానికి తీసుకెళ్ళారు, రేపొస్తారు."

"అలాగా! అయితే వచ్చే ఆదివారం మా అత్తగారితో కలిసి వస్తాం," అందా ఇల్లాలు.

"నేను రేపే వస్తా," అంది సత్యభామ.

అందరూ వెళ్ళాక అర్చన గొంతు తగ్గించి చెప్పింది. "మీ అమ్మాయిని, బిడ్డను పిలిపించు. కింద గదిలో ఉండమను. ఇల్లు అమ్ముడుపోయేదాకానే. అర్థమైందా?"

మర్నాడు మునిలక్ష్మి బిడ్డతో వచ్చింది. హాల్లో అడుగుపెట్టగానే వాడు గుక్కపట్టాడు. మునిలక్ష్మి అలవాటుగా వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి మెట్ల కోసం చుట్టూ చూసింది. కదిరమ్మ ఆ చేతిని మెల్లగా తీసేసింది. "ఏడవనీలే. ఈడ పండుకున్నోళ్ళెవురూ లేరు." వాడు ఆ ఇల్లంతా మారుమోగేలా ఏడ్చాడు. ఏమైందోనని ఎదురింటి మల్లమ్మ పరిగెత్తుకొచ్చింది, వచ్చిన మనిషి భోజనం వేళకు గానీ పోలేదు.

ఆదివారం కొనేవాళ్ళు అత్తగారితో వచ్చారు. అర్చన ఆఫీసు ఫోన్‌లో ఉండి, ఇల్లు చూపించమని కదిరమ్మకు చెప్పింది. పెద్దావిడ మేడ ఎక్కుతూ మాట కలిపింది.

"నీళ్ళకు ఇబ్బంది లేదు కదమ్మా?"

"లేదమ్మా. ట్యాంకరొచ్చిన దినం బాగా వస్తాయి."

"ఇక్కడ ఉండడానికి భయమేం లేదు కదా?"

కదిరమ్మ ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక తనకేం భయాలున్నాయని ఒక్క మనిషి అడగలేదు. ఇప్పుడు పట్టుచీర కట్టిన పెద్దావిడ, తీరిగ్గా నిలబడి, తనంతట తానే అడుగుతోంది. కదిరమ్మ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. గోడ పక్క రాళ్ళ సందుల్లో ఎన్ని పాములుండొచ్చో, పక్క ఖాళీ స్థలంలో పునాది తవ్వితే ఈ గోడ ఏమవ్వొచ్చో, వానకు ఎగువనున్న పాత చెరువు నీళ్ళు తమ దారి వెతుక్కుంటూ ఎటు రావచ్చో, మనసులో ఉన్నవి ఉన్నట్టు, మేడ మెట్టుకొకటి చొప్పున చెప్పుకుంటూ పోయింది. కిందికి దిగాక మల్లమ్మ కూడా గేటు దగ్గర నిలబడి, "పామా? మా దిక్కు రెండు దిరుగుతున్నయి," అని తనకు తెలిసింది చెప్పింది.

పెద్దావిడ కాఫీ సగంలో వదిలేసి కారెక్కింది. తర్వాత ఇంకొకరు వచ్చారు, వాళ్ళ తర్వాత మరొకరు. అందరికీ బిడ్డ నచ్చాడు, వీధి నచ్చింది, అందరికీ కదిరమ్మే దగ్గరుండి ఇల్లు చూపించింది.

మనవడు ఇప్పుడు ఆ హాల్లో పాకుతున్నాడు. వీధి ఇంత కళకళలాడుతున్నా ఆ ఒక్క ఇల్లూ ఎందుకు అమ్ముడుపోవడం లేదో వెంకటరాయప్పకు ఇంకా అంతుపట్టలేదు.