మొద్దుబారినవైనా ఫర్వాలేదు

బుధవారం ఉదయం ఎర్హార్ట్ కునిష్ చేయదలచుకున్న పని ఒక్కటే: వెనకగదిలో కూర్చుని ఇత్తడి షార్పెనర్లను మెత్తని గుడ్డతో తుడవడం. లాటిన్ మాస్టారుగా పదవీ విరమణ చేసిననాటి నుంచి ఆయన బుధవారాలన్నీ అలాగే గడిచాయి. గదిలోని గాజుబీరువాల నిండా పెన్సిల్ చెక్కే షార్పెనర్లే. నీటిబొట్టు ఆకారంలో పోతపోసిన ఇత్తడివి, బేకలైటు అనే పాతకాలపు ప్లాస్టిక్ నీటిగుర్రం, వేలెడంత రేకు కాఫీమర, గిర్రున తిరిగే భూగోళం. దేన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నా, ఎవరి బడిసంచిలోనో ఎన్నడో రాలిన దేవదారు పొట్టు వాసన ఇంకా వస్తుంది. ఆ వాసనతోపాటు ఆయనకు తన ఎనిమిదో యేడు, తడిసిన ఉన్నికోటు, మొన సరిగ్గా రాలేదన్న నెపంతో చెక్కుతూ చెక్కుతూ ఒక లెక్కల పాఠమంతా ఎగ్గొట్టిన ఆనందం గుర్తుకొచ్చేవి.

ఊరికి మాత్రం ఆ పిచ్చి లేదు. ఎర్లాంగెన్ పట్టణం దాపులనున్న ఆ చిన్న ఊళ్ళో తాతలూ తండ్రులూ షార్పెనర్ల కార్ఖానాలోనే ఒళ్ళు అరగదీసుకున్నారు. చేపలమ్మేవాడు ఇంట్లో అక్వేరియం పెట్టుకోనట్టే, అక్కడ ఎవరూ వాటిని పోగుచేయరు.

ఆయన భార్య రోస్విత కొలత టేపుతో గుమ్మంలో నిలబడింది. "మంచం ఈ గోడకి సరిపోతుంది," అంది.

"ఏ మంచం?"

"మా చెల్లి ఇర్మ్‌గార్డ్ మంచం. ఆదివారం నుంచి ఇక్కడే ఉంటుంది. రెండుసార్లు చెప్పాను. నువ్వేమో ఆ నీటిగుర్రం నోట్లోకి ఊదుతూ కూర్చున్నావు."

"మరి ఇవి?"

"నేలమాళిగలోకి."

ఎర్హార్ట్ ముఖం పాలిపోయింది. నేలమాళిగ గోడలు ఏడాది పొడుగునా చెమ్మగిల్లే ఉంటాయి. చలికాలం గడిచేలోగా బ్లేళ్ళన్నీ తుప్పుముద్దలవుతాయి.

"రోస్వితా, ఇవి మనుషుల చిన్నతనాలు!"

"ఏ మనుషులవి? ఒక్కణ్ణి చూపించు. శనివారం సాయంత్రంలోగా నీ రేకుముక్కల కోసం ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, మన గడప తొక్కితే గది వీటిదే. ఇర్మ్‌గార్డ్ సోఫా మీద సర్దుకుంటుంది. ఎవరూ రాకపోతే నువ్వే కిందికి మొయ్యాలి."

"మాట తప్పవు కదా?"

"ఎప్పుడైనా తప్పానా?"

తప్పలేదు. ఆయన భయమూ అదే.

వెంటనే ఊరి వారపత్రికకు ఫోన్ చేసి ప్రకటన చెప్పాడు: "పాత స్పిట్సర్లున్నవారికి ఆహ్వానం. మొద్దుబారినవైనా ఫర్వాలేదు. శనివారం మూడింటికి వెంటబెట్టుకుని రండి. కాఫీ, కేకు ఉంటాయి." అక్కడి భాషలో షార్పెనర్‌ను స్పిట్సర్ అంటారు. అక్కడివారి నాలుకకు చివరి 'ర్' మింగేయడమూ అలవాటే. లాటిన్ పదాల చివరి అక్షరం మింగిన ప్రతి విద్యార్థికీ నిర్దయగా మార్కులు కోసిన ఎర్హార్ట్, ఆ తొందరలో మాతృభాషలో తానే మింగేశాడు. పత్రికలో పనిచేసే అమ్మాయి విన్నది విన్నట్టు 'స్పిట్స' అని రాసుకుంది. ఆ మాటకు రెండర్థాలు. ఒకటి, చేత్తో అల్లిన లేసు. రెండోది, నిక్కబొడుచుకున్న చెవులతో, గుబురు బొచ్చుతో ఉండే ఒక జాతి కుక్కలు; ఒక్కదాన్నైతే స్పిట్స్ అంటారు.

గురువారం పత్రిక వచ్చింది. ఎర్హార్ట్ చూసేలోగానే రోస్విత అందులో చేప పొలుసులు చుట్టి పారేసింది. అంతలో ఫోన్ మోగింది.

"మాస్టారూ, నేను మిల్లువీధి ఫ్రౌ లింధార్ట్‌ని. ప్రకటన చూశానండి. మావాడు బాగా ముసలాడు, తీసుకురావచ్చా?"

షార్పెనర్‌ను 'మావాడు' అన్న గొంతు వినగానే ఎర్హార్ట్ కళ్ళు చెమర్చాయి. "తప్పకుండా! ఎన్నాళ్ళనుంచి ఉన్నాడు మీ దగ్గర?"

"పద్నాలుగేళ్ళు. ఇప్పుడేమీ కొరకలేడు పాపం. అరిగిపోయాయి."

"దానికేముందండీ, నేను కొత్తది బిగిస్తాగా! ఒక్క స్క్రూ విప్పితే చాలు."

"వాడికి నొప్పెయ్యదా?"

ఇంత మనసున్న మనిషితో ఎర్హార్ట్ ఎన్నడూ మాట్లాడలేదు. "ఎంతో సున్నితంగా చేస్తానండి. లోపల పేరుకున్నది మాత్రం మీరే ఖాళీ చేసి తీసుకురండి. తలకిందులుగా పట్టుకుని బల్లకేసి రెండు దెబ్బలు కొడితే మొత్తం రాలిపోతుంది."

"మేం వాణ్ణి పొద్దున్నే పార్కుకి తీసుకెళ్తామండీ," అంది ఆమె బిక్కచచ్చిన గొంతుతో.

సాయంత్రం మరో శ్రీమతి, ఫ్రౌ ఆమ్మొన్, ఫోన్ చేసింది. "మా అమ్మమ్మ పెళ్ళినాటిదండీ. తలమీద వేసుకుని చర్చికి వెళ్ళిందట."

"తలమీదా? బరువనిపించలేదూ?"

"భలేవారే! ఊదితే ఎగిరిపోతుంది."

మెగ్నీషియం అనే తేలిక లోహందై ఉంటుందని ఎర్హార్ట్ నిశ్చయించుకున్నాడు. "రోస్వితా, ఇప్పటికే ఇద్దరు!"

"వచ్చాక చూద్దాం," అంది ఆమె. అన్నదేగాని, ప్లమ్ పళ్ళ కేకు మాత్రం రెండు పళ్ళేల నిండా చేసింది.

శనివారం తలుపు తీసేసరికి మెట్లన్నీ తెల్లగా, బొచ్చుగా, కదులుతూ కనిపించాయి. కుక్కల వెనక యజమానులు, వాళ్ళ వెనక పల్చని కాగితంలో చుట్టిన లేసులతో పెద్దావిడలు.

"వీడు కొరకలేకపోయినా సరే, స్క్రూలూ గిక్రూలూ అంటే ఒప్పుకోను, ముందే చెప్తున్నా!" అంటూ ఫ్రౌ లింధార్ట్ తన కుక్కను గుండెకు హత్తుకుంది.

"మీ స్పిట్సర్ ఏదండీ?" అన్నాడు ఎర్హార్ట్, ఆమె చేతులకేసి వెతుకుతూ.

"స్పిట్సరేంటి మాస్టారూ? స్పిట్స్! ఇదుగో, మా బారోన్."

ఈలోగా ఫ్రౌ ఆమ్మొన్ అమ్మమ్మగారి మేలిముసుగు బల్లమీద పరిచింది. పక్కనే కేకు. బారోన్ కేకుమీదికి దూకాడు, ముసుగులో చిక్కుకున్నాడు, పెళ్ళికూతురిలా నడవంతా పరుగెత్తాడు. మిగతా కుక్కలన్నీ పెళ్ళివారై వెంటపడ్డాయి. కాఫీకుండ పడింది. ఎవరిదో టోపీ పోయింది.

"కొరకలేడన్నారే! అమ్మమ్మ ముసుగు పీలికలు చేస్తున్నాడు!" అని ఫ్రౌ ఆమ్మొన్ అరిచింది.

"మీ అమ్మమ్మ దాన్ని కేకు పక్కన పరిచిందా ఎప్పుడైనా?" అని ఫ్రౌ లింధార్ట్ అంతకంటే గట్టిగా అరిచింది.

రోస్విత మాత్రం చెక్కుచెదరకుండా ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చింది: "మీరు షార్పెనర్ల కోసం వచ్చారా?"

"అబ్బే. కుక్కల కోసం."

"మీరు?"

"షార్పెనర్లా? మా నాన్న బతుకంతా అదే గోల. ఇంట్లో ఆ పేరెత్తనివ్వం."

చివరి కుక్క వెళ్ళేసరికి చీకటి పడుతోంది. ఎర్హార్ట్ వెనకగదిలోకి వెళ్ళి, బీరువాలో మొదటి అర బయటికి లాగాడు. అప్పుడు మళ్ళీ గంట మోగింది.

గుమ్మంలో సన్నటి ముసలాయన కళ్ళు చికిలిస్తూ కోటుస్టాండుకు నమస్కరించాడు. "మాస్టారూ, నా పేరు నుస్లైన్. కళ్ళజోడు విరిగి వారమైంది, పేపర్లో అక్షరాలన్నీ అలికేసినట్టున్నాయి. 'పాత స్పిట్సర్లు' అని చదువుకున్నా. తప్పు చదివానా?"

ఊళ్ళో సరిగ్గా చదివినవారందరూ తప్పుగా వచ్చారు. తప్పు చదివినవాడొక్కడే సరిగ్గా వచ్చాడు. ఎర్హార్ట్ ఆయన చేతిలో నీటిగుర్రం పెట్టాడు. ముసలాయన దాన్ని చూడలేదు, ముక్కు దగ్గర పెట్టుకుని గాఢంగా పీల్చాడు.

"దేవదారు!" అన్నాడు. "అయ్యో మాస్టారూ, ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే అనుకున్నానే!"

ఎర్హార్ట్ భార్యకేసి తిరిగాడు.

"మాట మాటే. గది షార్పెనర్లదే," అంది రోస్విత.

"దేవుడు చల్లగా చూడాలి తల్లీ!" అన్నాడు నుస్లైన్. "అయితే కాస్త చెయ్యి వెయ్యండి మాస్టారూ. వెంటబెట్టుకుని రమ్మన్నారుగా, అన్నీ తెచ్చా. ఎక్కించడానికే పొద్దుపోయింది. వీటిని వెనక్కి తెస్తే నన్నూ రావద్దంది మా ఆవిడ."

వీధిలో ఆయన అల్లుడి ట్రాక్టరు నిలబడి ఉంది. వెనక తొట్టిలో షార్పెనర్లు నింపిన అరటిపళ్ళ అట్టపెట్టెలు, ఒకదానిమీద ఒకటి, వీధిదీపం దాకా.

పెట్టెలన్నీ లోపలికి చేరేదాకా రోస్విత దగ్గరుండి పేర్పించింది. గది, ఆమె అన్నట్టే, ముమ్మాటికీ షార్పెనర్లదే అయింది. అందులో కాలు పెట్టడానికి ఎర్హార్ట్‌కు మాత్రం చోటు మిగల్లేదు.