‘పనిలో ఉన్నాను’

ఆ రోజు సర్వేయరు సెలవు పెట్టింది ఇంట్లో ఇంటర్నెట్ స్పీడు పెంచడం కోసం. పదకొండింటికి అతని భార్య పాఠం చెప్పాలి. ఆమె చెవులు వినబడని పిల్లలకు సైగల భాష నేర్పే టీచరు. ఆ పిల్లల తల్లిదండ్రులకూ ఆ భాష నేర్పాలని బడివాళ్ళకు ఇన్నాళ్ళకు తోచింది. మొదటి పాఠం ఆమె ఇంటి నుంచే, వీడియోలో. అది బాగా జరిగితే ఏడాదంతా తరగతులుంటాయి. లేకపోతే ఆ ఒక్కరోజుతో సరి.

ముందురోజు హెడ్మిస్ట్రెస్‌తో ఓసారి చేసి చూసుకున్నారు. ఇటునుంచి భార్య “రండి” అని చెయ్యి చాపింది. బొమ్మ సగంలో ఆగిపోయింది. అవతలావిడకు ఆ చెయ్యి “పొండి” అన్నట్టు కనబడింది. ఆవిడ వెళ్ళిపోయింది కూడా.

“ఇవాళ అలా కానివ్వను. ఇంకా మూడు గంటల టైముంది,” అన్నాడు సర్వేయరు. “నేల కొలిచేవాణ్ణి, గాల్ని కొలవలేనా?”

“కొలవండి గానీ, ఏదీ పగలగొట్టకండి,” అంది భార్య.

అతను ఫోను పట్టుకుని గదిగదికీ తిరిగి, నిలబడ్డ చోటల్లా నేల మీద సుద్దముక్కతో స్పీడు రాసుకుంటూ పోయాడు. అత్తగారు పేపరు కిందికి దించి చూసింది.

“బాబూ, నా కాళ్ళ దగ్గర ఏం రాశావు?”

“నలభై రెండు, అత్తయ్యా.”

“నా వయసైతే తప్పు రాశావు,” అని ఆవిడ మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయింది.

చెప్పుల అర వెనక ఇరుక్కుపోయిన రౌటరును బయటికి లాగి, దుమ్ము దులిపి, అర మీద ఎత్తుగా పెట్టాడు. ఊడదీసిన తీగలు ఎక్కడివక్కడ గుచ్చాడు. వాటిలో నల్లటిదొకటి గోడలోకి పోతోంది. ఎక్కడికో తెలియలేదు గానీ, పీకింది తనే కదా అని తనే పెట్టేశాడు. మళ్ళీ కొలిచి చూస్తే ఇంట్లోకి వచ్చే స్పీడు బాగానే ఉంది. ఇంట్లోంచి బయటికి పోవడానికి మాత్రం దారి లేదు. పాఠం పోవాల్సింది ఆ దారినే.

కంపెనీకి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి వివరాలు చూసింది.

“సార్, మీ ఇంట్లోంచి ఓ వీడియో బయటికి పోతూనే ఉంది. రాత్రీ లేదు, పగలూ లేదు.”

“ఎప్పట్నుంచి?”

“రెండేళ్ళ నుంచి.” ఆమె గొంతు తగ్గించింది. “ఇప్పుడు కూడా పోతోంది సార్.”

సర్వేయరు ఆమె చెప్పినట్టే ఇంటి కనెక్షను మీద ఏమేం నడుస్తున్నాయో జాబితా తెరిచాడు. మూడు ఫోన్లు, ఒక టీవీ, భార్య లాప్‌టాప్. అయిదూ ఇంటివే. ఆరోదాని పేరు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

‘పనిలో ఉన్నాను.’

భార్య భుజం మీంచి తొంగిచూసి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. “అది నాన్న బోర్డు.”

ఆమె తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. మేడ మీది గదిలో కూర్చుని తలుపుకి ఆ బోర్డు తగిలించేవాడు. ఇక ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. గదికి తాళం వేసీ ఎనిమిది నెలలే.

సర్వేయరు పాస్‌వర్డ్ మార్చేశాడు. మూడు ఫోన్లూ ఊడిపోయాయి. టీవీ ఊడింది. లాప్‌టాప్ ఊడింది. జాబితాలో ఒక్కటే మిగిలింది.

‘పనిలో ఉన్నాను.’

“అమ్మా, మేడ మీది గది తాళం చెవి ఎక్కడ?” అంది భార్య.

“నా కళ్ళజోడు పెట్టెలో. ఎందుకే?”

“ఊరికే.”

“ఊరికే అయితే తెల్లబోయి ఎందుకున్నావ్?”

మెట్లు ఎక్కుతుంటే లోపలి నుంచి చప్పుడు వినబడింది. ఒకటి కాదు. పది, ఇరవై. టిక్కుటిక్కుమని, ఒకదానితో ఒకటి పొసగని చప్పుళ్ళు. బ్యాటరీ గడియారాలు ఇంకా ఆగలేదని సర్వేయరు తనకు తాను చెప్పుకున్నాడు.

తలుపు తీయగానే మెషీను నూనె వాసన గుప్పుమంది. స్విచ్ వేస్తే, బల్బు మాడిపోయిందేమో, దీపం వెలగలేదు. తెర దాటి వచ్చే మసక వెలుతురులో బల్ల, దాని ముందు కుర్చీ, అరల నిండా గడియారాలు. దుమ్ము పడదు కాబట్టి సర్వేయరు భుజం మీది తెల్ల తువ్వాలు తలకీ ముక్కుకీ చుట్టుకున్నాడు. టార్చిని బల్ల మీద నిట్టనిలువుగా పెట్టి కుర్చీలో కూర్చుని, గోడలోకి పోయిన ఆ నల్ల తీగ కోసం వెతికాడు. పాస్‌వర్డ్ మార్చినా ఊడనిది తీగ మీద నడిచేదే అయ్యుండాలి. బల్ల కాలు పక్కనే దొరికింది. దాని మీది సన్న అక్షరాలు చదవడానికి, మావయ్య కంటికి బిగించుకునే భూతద్దం తీసి తన కంటికి బిగించుకున్నాడు.

“ఏమండీ, లేవండి,” అంది భార్య గుమ్మంలోంచి. “అచ్చం నాన్న కూర్చున్నట్టే ఉంది.”

“ఒక్క నిమిషం.”

“నాకు భయమేస్తోంది, లేవండి!”

కింద కాలింగ్ బెల్ మోగింది. అత్తగారు తలుపు తీసిన చప్పుడు. ఆ వెనకే, వీధి మూల మీది మందుల షాపాయన గొంతు, పరిగెత్తుకొచ్చిన ఆయాసంతో.

“అక్కయ్యగారూ! అన్నయ్యగారు తిరిగొచ్చారా?”

“ఆయన పోయి ఎనిమిది నెలలైంది కదయ్యా,” అంది అత్తగారు.

“తెలుసక్కయ్యగారూ. చివరిచూపుకి నేనూ వచ్చాను. అందుకే ఇంత కంగారు!”

మరుక్షణం ఆయన మెట్లెక్కి వచ్చాడు. కుర్చీలోని మనిషిని చూసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. చేతిలోని ఫోనులో ఇదే బల్ల, ఇదే కుర్చీ. కుర్చీలో, గడ్డం కింది నుంచి వెలుగు పడుతున్న తెల్లటి ఆకారం. దానికి ఒకే కన్ను.

సర్వేయరు చెయ్యెత్తాడు. ఫోనులోని ఆకారం కదలలేదు. అతను చెయ్యి దించేశాడు. అప్పుడు, నింపాదిగా, ఆ ఆకారం చెయ్యెత్తింది.

భార్య కెవ్వుమంది. సర్వేయరు తువ్వాలు పీకేసి చుట్టూ చూశాడు. గడియారాల మధ్య, పెసరగింజంత పచ్చటి దీపం. దాని పైన కెమెరా. బొమ్మ ఫోనుకు కాస్త ఆలస్యంగా చేరుతోందంతే.

మందుల షాపాయన మెట్ల మీద కూలబడి, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు. పెద్దాయన రెండేళ్ళ క్రితం ఆ కెమెరా పెట్టించుకున్నాడట. గడియారాలు బాగుచేస్తుంటే జనం చూసేవారట. మాటల్లేవు, పాటల్లేవు, ఆ రెండు చేతులే. ఆయన పోయాక ఆపేవాళ్ళెవరూ లేక ఖాళీ కుర్చీ వెళ్తూనే ఉంది.

“ఖాళీ కుర్చీని ఎవరు చూస్తారు?” అన్నాడు సర్వేయరు.

“నేను చూస్తానండీ. షాపులో పొద్దున్నే పెట్టుకుంటాను. మనసు నిమ్మళంగా ఉంటుంది.”

అత్తగారు ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. “ఒక్కడే గదిలో కూర్చుని ఏం చేస్తాడో అని రోజూ తిట్టేదాన్ని,” అంది.

“ఒక్కరేనా? ఎంత లేదన్నా నాలుగొందల మంది ఉండేవాళ్ళక్కయ్యగారూ.”

“నాకొక్కదానికి చెప్పలేదన్నమాట,” అంది ఆవిడ. కోపమో మరొకటో, ఎవరికీ అర్థం కాలేదు.

టైము పదిన్నర దాటింది. మన స్పీడంతా తాగేస్తున్నది ఇదేనంటూ సర్వేయరు తీగ మీద చెయ్యి వేశాడు.

“ఆపకు బాబూ,” అంది అత్తగారు. “ఆపేస్తే ఆయన పోయాడనుకుంటారు.”

“పోయారు కదత్తయ్యా!”

“అది నాకు తెలుసు. వాళ్ళకెందుకు?”

వాదన తేలకముందే మళ్ళీ బెల్లు. చూసినవాళ్ళు ఇంకొకరికి చెప్పారు, ఆ ఇంకొకరు ఊరంతటికీ చెప్పారు. ఒకావిడ తన భర్త వాచీ రసీదు పట్టుకొచ్చింది. ఇద్దరు ముసలాళ్ళు ఆయన చిక్కిపోయాడా లేదా అని పందెం వేసుకుని వచ్చారు. మెట్ల మీద జనం, వాకిట్లో జనం. మందుల షాపాయన ఫోనులో చూసేవాళ్ళ లెక్క నాలుగొందలు దాటి, వెయ్యి దాటి, మూడు వేలు దాటింది. ఎక్కడో దూరాన ఎవరో ఆ తెల్ల తువ్వాలును పొగ అనుకున్నారు. బయట ఫైరింజను గంట మోగింది.

కిటికీకి నిచ్చెన తగిలింది. కిటికీ తెరుచుకుంది, తెర కడ్డీతో సహా ఊడి కింద పడింది, అందులోంచి హెల్మెట్టు ఒకటి లోపలికి వచ్చింది.

“పొగెక్కడండీ?”

“అది తువ్వాలండీ,” అన్నాడు సర్వేయరు, చేతిలోదాన్ని చూపిస్తూ. ఫైరాయన దాన్ని ముట్టుకుని మరీ చూశాడు.

“పదకొండుకి రెండు నిమిషాలే ఉంది!” అంది భార్య. లాప్‌టాప్ కింద ఉంది. మెట్ల మీద ముప్పైమంది ఉన్నారు. దిగే దారి లేదు.

సర్వేయరుకు ఏం చెయ్యాలో తోచక మందుల షాపాయన ఫోనులోకి చూశాడు. ఊడిన తెర పుణ్యమా అని బల్ల మీద ఎండ పరుచుకుంది. బొమ్మ అద్దంలా ఉంది. ఎక్కడా ఆగడం లేదు. బల్ల మీదున్న సన్న మరమేకు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. చేతులు తప్ప ఇంకేం చూపక్కర్లేదని పెద్దాయన ఏరికోరి కొన్న కెమెరా అది. మాట వినిపించదు. వినిపించే అవసరం ఆమెకూ లేదు.

“కూర్చో,” అన్నాడు భార్యతో. “అక్కడే కూర్చో. హెడ్మిస్ట్రెస్‌కి ఈ లింకు పంపిస్తాను.”

“నాన్న కుర్చీలోనా?”

“కూర్చోవే,” అంది అత్తగారు. “ఖాళీగానే ఉందిగా.”

ఆమె కూర్చుంది. “రండి” అని చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఈసారి చివరిదాకా వెళ్ళింది. నలభైమంది తల్లిదండ్రులు వచ్చారు. ముందునుంచే ఉన్న మూడువేలమంది ఎక్కడికీ వెళ్ళలేదు. నిచ్చెన మీది ఫైరాయన కూడా ముప్పావుగంట కదలకుండా, ఆమె ఏ సైగ చేస్తే ఆ సైగ చేశాడు.

బడివాళ్ళు ఏడాది తరగతులు ఖాయం చేశారు, ఆ గదిలోంచే జరగాలన్న షరతు మీద. మిగతా వేళల్లో కుర్చీ ఖాళీగా ఉంచడం బాగుండదని అత్తగారు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. పేపరు చదువుకుంటుంది, అప్పుడప్పుడు తలెత్తి అవతలివాళ్ళను పలకరిస్తుంది. వాళ్ళకు వినబడదని చెప్పినా మానలేదు. చూసేవాళ్ళు అయిదువేలయ్యారు.

ఓ ఆదివారం మధ్యాహ్నం సర్వేయరు తీరిగ్గా తను తీసిన పొలం వీడియో ఆఫీసుకు పంపబోయాడు. ఎంతకీ పోలేదు. సరే, ఓ హత్య సినిమా చూద్దామని పెట్టుకుంటే, బయటి దారి కిక్కిరిసి లోపలికి వచ్చేదీ ఇరుక్కుందేమో, అదీ చివరి పావుగంటలో ఆగిపోయి, తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. మెట్ల కింద నిలబడి అరిచాడు.

“అత్తయ్యా! నాది ఆగిపోయింది!”

“అలాగా బాబూ?” అంది ఆవిడ పైనుంచి. “నాది బ్రహ్మాండంగా పోతోంది!”

హంతకుడెవరో అతనికి ఇప్పటికీ తెలియదు.